గుండ్రని కొస, వాలిన గీత

రోమన్ లిపి అచ్చులో నేడు తెరల మీదా బోర్డుల మీదా విరివిగా కనిపించే ఒక అక్షరరూపంలో మూడు లక్షణాలు కలిసి ఉంటాయి. గీతల చివర పాదాల్లా అడ్డంగా నిలిచే చిన్న కొసగీతలను సెరిఫ్‌లు అంటారు. అవి లేనందువల్ల ఈ రూపం సాన్స్ సెరిఫ్ వర్గంలోకి వస్తుంది. గీత కత్తిరించినట్టు చదరంగా ఆగిపోక అర్ధవృత్తంగా ముగుస్తుంది కనుక దీనిని గుండ్రని కొసల ఫాంటు అంటారు. నిలువు గీతలు కుడివైపుకు పది పన్నెండు డిగ్రీలు వాలి ఉంటాయి కనుక ఇది ఇటాలిక్ కూడా. ఈ మూడు లక్షణాలూ మూడు వేరు వేరు కాలాలలో, వేరు వేరు పనిముట్ల చలవతో పుట్టినవి కాబట్టి, వాటి కలయిక సహజమైనదా, లేక కంప్యూటరు అందించిన సౌకర్యం మాత్రమేనా అన్న సందేహం అక్షరాలతో పనిచేసేవారిలో కలగడం వింత కాదు.

సందేహానికి ఆధారాలు ఫాంట్లలోనే ఉన్నాయి. వెర్నన్ ఆడమ్స్ శీర్షికల కోసం గుండ్రని కొసలతో గీసిన నునిటోను తరవాత జాక్ లె బాయీ అతి సన్నని రూపం నుంచి అతి మందపు రూపం దాకా విస్తరించి, చదరపు కొసలున్న నునిటో సాన్స్‌ను దానికి జంటగా చేర్చాడు. ఉచితంగా దొరికే ఈ కుటుంబానికి ఇటాలిక్ ఉంది. అదే విధంగా ఉచితంగా దొరికే వరేలా రౌండ్‌కు గాని, బాలూకు గాని ఇటాలిక్ లేదు. ఒకే పోలికగల ఫాంట్లలో ఒకరు ఇటాలిక్‌ను అవసరమనుకొని గీశారు, మరొకరు లేకపోయినా లోటు లేదనుకొని వదిలేశారు. ఈ రెండు నిర్ణయాల వెనకా ఉన్న వాదాలను ఇక్కడ ఇద్దరి నోట వినిపించడం జరుగుతున్నది: ఒకరు పుస్తకాల పరిష్కరణలో పండిన సంపాదకుడు, మరొకరు ఫాంట్లు గీసే అక్షరశిల్పి. గుండ్రని కొసల ఫాంటుకు ఇటాలిక్ అనవసరమన్నది సంపాదకుడి పక్షం. అది అవసరమే కాక, ఇటాలిక్ అసలు స్వభావం అక్కడే బాగా బయటపడుతుందన్నది శిల్పి పక్షం.

సంపాదకుడు: ఇటాలిక్ ఏ ఇంటి బిడ్డో ముందు తేల్చుకోవాలి. ఇటలీ మానవతావాద పండితులు వేగంగా రాసుకోవడానికి వాడిన వాలు చేతిరాతను వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ అచ్చులోకి తేగోరితే, ఫ్రాంచెస్కో గ్రిఫో ఆ అక్షరాలను ఉక్కులో చెక్కాడు. 1501లో వర్జిల్ కావ్యాలు మొదటినుంచి చివరిదాకా ఆ అక్షరాలతోనే చేతిలో ఇమిడే చిన్న పుస్తకంగా వెలువడ్డాయి. కలం ఒత్తిడికి గీత లావెక్కడం, సన్నబడడం, ఒక అక్షరం తోక తరవాతి అక్షరం వైపు జారడం అందులో ఉన్నాయి. సాన్స్ సెరిఫ్ మాటో? అచ్చు అక్షరంగా అది తొలిసారి కనిపించింది లండన్‌లో, 1816 ప్రాంతంలో నాలుగవ విలియం కాస్లన్ నమూనా పుస్తకంలో. అదీ పెద్ద అక్షరాలు మాత్రమే. కలం కదలికతో ఆ రూపానికి బంధుత్వం లేదు. అందుకే ఆ వర్గంలోని ప్రసిద్ధ ఫాంట్లలో చాలావాటికి ఇటాలిక్ అన్న పేరుతో వచ్చింది నిలువు అక్షరాన్ని పక్కకు వంచిన రూపమే. 1957లో వెలువడిన హెల్వెటికా, యూనివర్స్ రెండింటిలోనూ జరిగింది అదే. ఇక గుండ్రని కొసలంటారా, అవి తిరిగే యంత్రపు ములుకు వల్ల వచ్చినవి. లోహపు పలక మీద అక్షరం చెక్కే యంత్రంలో గుండ్రంగా తిరిగే కోతములుకు ఎక్కడ ఆగినా అక్కడ అర్ధవృత్తమే మిగులుతుంది. కలం నుంచి పుట్టిన వాలును యంత్రం నుంచి పుట్టిన కొసకు అంటగట్టడంలో ఔచిత్యం ఏమిటి?

శిల్పి: సంపాదకులవారు చెప్పిన 1501 నాటి పుస్తకంలోనే వారి వాదానికి జవాబుంది. ఆల్డస్ ఇటాలిక్‌లో చిన్న అక్షరాలు వాలి ఉన్నాయి గాని, పెద్ద అక్షరాలు నిటారుగానే నిలబడ్డాయి. కోణమే ఇటాలిక్‌కు ప్రాణమైతే అలా చేసేవారు కారు. అక్కడ కొత్తగా వచ్చింది కోణం కాదు, రెండో చేయి. అంటే అదే లిపిని మరో వేగంతో, మరో కదలికతో రాసే పద్ధతి. నిటారు అక్షరాల నడుమ నొక్కిచెప్పవలసిన మాటకూ, గ్రంథనామానికీ, పరభాషా పదానికీ ఇటాలిక్‌ను వాడడం ఆ తరవాత కుదిరిన ఏర్పాటు. ఒక పేజీలో ఇద్దరి గొంతులు వినిపించాలన్న అవసరం సెరిఫ్ ఉన్నా ఉంటుంది, లేకున్నా ఉంటుంది. ఎరిక్ గిల్ 1928లో వచ్చిన తన గిల్ సాన్స్‌కు ఇటాలిక్ గీసినప్పుడు నిటారు రూపంలో రెండంతస్తులుగా ఉన్న ‘ఏ’ అక్షరాన్ని చేతిరాతలోలాగా ఒకే అంతస్తుకు మార్చాడు. సాన్స్ సెరిఫ్‌లోనూ రెండో చేయి సాధ్యమేనని దానితోనే తేలింది.

సంపాదకుడు: ఆ కాలంలోనే స్టాన్లీ మోరిసన్ వంటి ముద్రణ పండితుడు, జంటగా వాడే ఇటాలిక్ నిటారు అక్షరాన్ని వంచిన రూపంగానే ఉండాలని 1926లో వ్యాసం రాశాడు కదా? చేతిరాత పోకడలు పేజీ సమత్వాన్ని చెడగొడతాయన్నదే ఆయన భయం.

శిల్పి: రాశారు. గిల్ గీసిన పెర్పెట్యువా ఫాంటుకు తొలి వాలురూపాన్ని ఆ సూత్రం ప్రకారమే సిద్ధం చేశారు కూడా. అది నిలవలేదు, చేతిరాత లక్షణాలు చేర్చి మళ్ళీ గీయవలసి వచ్చింది. సిద్ధాంతంగా అందంగా ఉన్నది పేజీ మీద చాలలేదు.

ఇంతవరకు జరిగిన వాదం ఇటాలిక్ గురించే తప్ప గుండ్రని కొసల గురించి కాదు. కొస యంత్రం సొత్తు అన్న సంపాదకుడి మాట అలాగే నిలిచి ఉంది. దానికి శిల్పి ఇచ్చిన సమాధానం ఫాంట్ల చరిత్రలనుంచి కాక ఇంజనీరింగ్ డ్రాయింగ్ గదినుంచి వచ్చింది.

శిల్పి: గుండ్రని కొస, సెరిఫ్ లేని గీత, కుడివైపు వాలు, ఈ మూడింటినీ ఏ కంప్యూటరూ కలపకముందే కోట్లాది చేతులు కలిపాయి. యంత్రభాగాల నక్షాలు గీసేవారు వాడే సాంకేతిక కలానికి పాళీ ఉండదు. సిరా దిగే సన్నని గొట్టం ఉంటుంది. గొట్టం గుండ్రన కనుక గీత అంతటా ఒకే మందంతో నడుస్తుంది, మొదలూ చివరా వాటంతట అవే అర్ధవృత్తాలవుతాయి. ఆ నక్షాల మీది రాతకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3098. అది అక్షరాన్ని నిటారుగా రాయవచ్చని, లేదా అడ్డగీతకు 75 డిగ్రీల కోణంలో, అంటే నిలువునుంచి 15 డిగ్రీలు కుడికి వాల్చి రాయవచ్చని చెబుతుంది. గీత మందం కూడా అందులో నిర్ణయమై ఉంది: ఒక రకంలో అక్షరం ఎత్తులో 14వ వంతు, మరో రకంలో 10వ వంతు. నక్షాలను మైక్రోఫిల్ముగా చిన్నది చేసి తిరిగి పెద్దది చేసినా అక్షరం చెదరకూడదన్నది ఆ కొలతల వెనక ఉన్న ఆలోచన. పూర్వపు సోవియట్ దేశపు గోస్ట్ ప్రమాణంలోనూ 75 డిగ్రీల వాలే. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ పాఠశాలలకూ కళాశాలలకూ 1988లో ప్రచురించిన ఎస్‌పీ 46 ఇదే పద్ధతిని బోధిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పాలిటెక్నిక్‌లోనో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలోనో చదివినవారిలో, డ్రాఫ్టరు అనే గీతల పరికరాన్ని 75 డిగ్రీలకు తిప్పి సన్నని సహాయరేఖలు గీసుకొని ఏ నుంచి జెడ్ దాకా వాలు అక్షరాలు దిద్దినవారు ఎందరో. వారందరూ దిద్దింది గుండ్రని కొసల సాన్స్ సెరిఫ్ ఇటాలిక్‌నే. యంత్రపు ములుకుకు ముందో వెనకో, మనిషి చేతిలోని కలానికీ అదే కొస ఉంది. కాబట్టి ఈ రూపానికి పుట్టిల్లు లేదనడం సరికాదు.

సంపాదకుడి మొదటి ఆక్షేపణ ఇక్కడ సడలిపోయిందనే చెప్పాలి. గుండ్రని కొస చేతికి పరాయిది కాదని ఆయన ఒప్పుకొన్నాడు. అయితే పుట్టుకను బట్టి ప్రయోజనం సిద్ధించదు కనుక ఆయన చదువరి వైపునుంచి వాదాన్ని మళ్ళీ ఎత్తుకొన్నాడు.

సంపాదకుడు: నక్షా మీద రాసే మాటలు నాలుగో అయిదో. కొలత, లోహం పేరు, స్కేలు, సంతకం. వాటిని ఎవరూ పేరాలుగా చదవరు. కనుక రాసేవాడి చేతికి సుఖమైనది చదివేవాడి కంటికీ సుఖమని ఆ ఉదాహరణ రుజువు చేయదు. చదువరి సంగతి చూద్దాం. లూజ్ రెల్లో, రికార్డో బేజా యేట్స్ అనే పరిశోధకులు 2013లో ప్రకటించిన అధ్యయనంలో, చదవడంలో ఇబ్బంది కలిగించే డిస్లెక్సియా ఉన్న 48 మందిచేత 12 ఫాంట్లలో పాఠాలు చదివించారు. సాన్స్ సెరిఫ్ మేలు చేసింది, ఇటాలిక్ కీడు చేసింది. బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ కూడా ఇటాలిక్ వద్దనీ, నొక్కి చెప్పవలసిన చోట బోల్డ్ వాడమనీ సలహా ఇస్తుంది. గుండ్రని కొసల ఫాంట్లను ఎంచుకొనేవారు చెప్పే కారణం ఏమిటి? అవి మెత్తగా, స్నేహంగా ఉంటాయని, పిల్లలకూ కొత్త పాఠకులకూ భయం కలిగించవని. ఎవరికోసం ఆ మెత్తదనమో వారికే ఇటాలిక్ కష్టమైతే, ఒక చేత్తో ఇచ్చింది మరో చేత్తో లాక్కున్నట్టు కాదా?

శిల్పి: పేరాలకు పేరాలు ఇటాలిక్‌లో కూర్చడం తప్పే. ఆ విషయంలో వాదం లేదు, ఆ అధ్యయనం చెప్పేదీ పాఠమంతా ఇటాలిక్‌లో ఉన్నప్పటి సంగతి. కాని వాలు అన్నంతమాత్రాన పిల్లలకు పనికిరాదనడం కూడా నిలవదు. ఇంగ్లండులో రోజ్మరీ సాసూన్ 1980లలో పిల్లలకు ఎలాంటి అక్షరాలు నచ్చుతాయో పిల్లలనే అడిగి తెలుసుకొని, ఆ జవాబుల ఆధారంగా పాఠశాలల కోసం సాసూన్ ప్రైమరీ అనే ఫాంటును రూపొందించారు. దానిలో అక్షరాలు కాస్త వాలి ఉంటాయి, అక్షరం చివర తరవాతి అక్షరంవైపు సాగే చిన్న తోక ఉంటుంది. అక్కడ వాలు కొద్దిపాటిది, అక్షరాల మధ్య ఎడం ఎక్కువ. ఎంత వాలు, ఎంత ఎడం, ఎంతసేపు అన్నవి కొలిచి చెప్పాలి గాని ఇటాలిక్ అన్న పేరు మీద తీర్పు చెప్పకూడదు.

సంపాదకుడు: కొలతల మాటే వస్తే, కొలిచి చూసినవారే దానిని వదిలేశారు. ఆపిల్ కంపెనీ కీబోర్డుల మీద 1980ల నుంచి చాలాకాలం యూనివర్స్ ఫాంటులోని ఇరుకైన వాలురూపం ఉండేది. తరవాత దాని స్థానంలో గుండ్రని కొసల వీఏజీ రౌండెడ్ వచ్చింది. 2015 నుంచి అదీ పోయి సాన్ ఫ్రాన్సిస్కో అనే ఫాంటు వచ్చింది. గుండ్రని కొస వచ్చిన రోజునే వాలు వెళ్ళిపోయింది. ఆ వీఏజీ రౌండెడ్ కూడా 1979లో ఫోక్స్‌వాగన్ సంస్థ తన వ్యాపార ప్రచారం అంతటికీ ఒకే ముఖం కావాలని గీయించుకొన్నదే. పెద్ద అక్షరాలలో, తక్కువ మాటలలో, నిటారుగా నిలబడి పని చేయడం దాని స్వభావం.

శిల్పి: మీట మీద ఒకే అక్షరం ఉంటుంది, అక్కడ ఒకే గొంతు చాలు. రెండో గొంతుతో పనిలేని చోట ఇటాలిక్ లేకపోవడం దానికి లోపం కాదు. ఒక సంస్థ గుండ్రని కొసల ఫాంటును తన ముఖంగా ఎంచుకొని, తరవాత అదే ఫాంటులో వాడుకరులకు సూచనలు, మందు పెట్టెల మీద వివరాలు, మ్యూజియంలో బొమ్మ కింది వ్యాఖ్య, యాప్‌లో సందేశాలు రాయవలసి వచ్చినప్పుడు సమస్య మొదలవుతుంది. మొక్కల శాస్త్రీయ నామాలను ఇటాలిక్‌లో వేయడం వృక్షశాస్త్ర సంప్రదాయం, గణితంలో చలరాశులను ఇటాలిక్‌లో వేయడం ఆ శాస్త్రపు అలవాటు. ఉద్యానవనపు బోర్డు మీద వేపచెట్టు శాస్త్రీయ నామం రాయాలి, ఫాంటులో ఇటాలిక్ లేదు. అప్పుడు డిజైనరు ఏం చేస్తాడు? మెనూలో వాలు గుర్తు నొక్కుతాడు, యంత్రం నిటారు అక్షరాన్ని పక్కకు తోస్తుంది. శిల్పి గీయని ఇటాలిక్‌ను యంత్రం గీస్తుంది. గుండ్రని కొసల విషయంలో ఆ యంత్రం చేసే నష్టం అన్నిటికంటె ఎక్కువ.

ఆ నష్టం ఏమిటో శిల్పి లెక్కతో సహా వివరించింది. ఈ సంవాదంలో అన్నిటికంటె ఆగి చూడదగిన భాగం ఇదే కావడంవల్ల, ఆ వివరణ సారాంశాన్ని ఇక్కడ కొంత విస్తరించి చెప్పడం అవసరం.

అక్షరాన్ని యంత్రం వాల్చడమంటే, అక్షరాలు నిలిచే ఆధారరేఖ మీద ఉన్న బిందువులను కదలనివ్వక, పైకి వెళ్ళేకొద్దీ ప్రతి బిందువునూ దాని ఎత్తుకు తగ్గట్టు కుడికి జరపడం. ఎత్తులు మారవు, అడ్డగీతల మందం మారదు. నిలువు గీత మాత్రం 12 డిగ్రీలు వాలినప్పుడు దాదాపు 2 శాతం సన్నబడుతుంది. ఇది కంటికి ఆనదు. ఏటవాలు గీతల పరిస్థితి వేరు. ఎడమ కింది నుంచి కుడి పైకి 45 డిగ్రీల కోణంలో ఎక్కే గీత సుమారు 10 శాతం సన్నబడితే, దానికి ఎదురుగా ఎడమ పైనుంచి కుడి కిందికి దిగే గీత సుమారు 11 శాతం లావెక్కుతుంది. ఒకే మందంతో ఉండవలసిన ‘ఎక్స్’ అక్షరంలోని రెండు గీతలు ఇలా రెండు కలాలతో రాసినట్టవుతాయి. ‘ఓ’ అక్షరపు వలయం కుడి పైభాగంలోనూ ఎడమ కిందిభాగంలోనూ ఉబ్బి, మిగతా రెండు మూలల్లో చిక్కిపోతుంది. అంతటా ఒకే మందం ఉండడమే గుండ్రని కొసల ఫాంటుకు ఆధారం కనుక, సెరిఫ్ ఫాంటులో మందాల తేడాల మధ్య దాగిపోయే ఈ దోషం ఇక్కడ దాగదు.

కొస దగ్గర దోషం ఇంకా స్పష్టం. గీత చివరి అర్ధవృత్తం వృత్తంలో సగం. వృత్తాన్ని 12 డిగ్రీలు పక్కకు తోస్తే అది దీర్ఘవృత్తమవుతుంది, దాని పొడవైన అక్షం అడ్డగీతకు దాదాపు 42 డిగ్రీల కోణంలో నిలిచి, పొట్టి అక్షం కంటె సుమారు 24 శాతం ఎక్కువ పొడవు ఉంటుంది. కలం మొన పెట్టినట్టుండే కొస ఒకవైపుకు నొక్కుకుపోయిన రూపం ధరిస్తుంది. ‘ఐ’ అక్షరం మీది చుక్క, వాక్యం చివరి బిందువు కూడా గుడ్డు ఆకారంలోకి మారతాయి. చేతితో అక్షరాన్ని ఎంత వాల్చి రాసినా గొట్టపు మొన గుండ్రదనం మారదు కాబట్టి, నిజమైన వాలు రాతలో కొస ఎప్పుడూ పూర్ణమైన అర్ధవృత్తమే. యంత్రం వంచిన రూపంలో తప్పిపోయింది ఆ కలమే.

అందువల్ల శిల్పి చేయవలసిన పని పెద్దది. ముందు గీతల నడిమిరేఖలను వాల్చి, వాటి వెంట మందాన్ని మళ్ళీ సమంగా నిర్మించాలి. కొసలను, చుక్కలను తిరిగి వృత్తాలుగా చేయాలి. వలయాల ఉబ్బును చూపుతో సరిదిద్దాలి. గుండ్రని కొస చదరపు కొస కంటె పొట్టిగా కనిపిస్తుంది, ఎందుకంటే మూలలు కోసేయగా మిగిలేది సన్నని శిఖరం. కనుక నిటారు రూపంలోలాగే ఇక్కడా కొసను ఆధారరేఖ దాటి కాస్త కిందికి దించాలి. ‘ఎన్’ అక్షరంలో వంపు నిలువు గీతనుంచి విడిపడేచోట రెండు మందాలు కలిసి నల్లగా ముద్దకడతాయి కాబట్టి ఆ సందును లోతుగా కోయాలి. ఆ తరవాత రూపనిర్ణయాలు: ‘ఏ’ ఒక అంతస్తుదా, రెండంతస్తులదా, ‘ఎఫ్’ తోక రేఖ దిగువకు జారాలా వద్దా, ‘ఎల్’ చివర చిన్న వంపు ఇవ్వాలా అన్నవి. ఈ నిర్ణయాలలోనే రెండో చేయి పుడుతుంది. 2016లో అడోబి, ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రకటించిన వేరియబుల్ ఫాంట్ల పద్ధతిలో ఒకే ఫైలులో బరువును, అంటే గీతల మందాన్ని, వాలును కావలసినంత మార్చుకొనే వీలుంది. వాలుకూ ఇటాలిక్‌కూ అందులో రెండు వేరు వేరు అక్షాలు, అంటే మార్పు దిశలు, ఉండడం, ఆ రెండూ ఒకటి కావన్న గుర్తింపునకు సాంకేతికులు కూడా వచ్చారనడానికి నిదర్శనం.

సంపాదకుడు: ఈ లెక్క ఒప్పుకోవలసిందే. కాని ఇది ఎవరి పక్షానికి బలం? సరిగ్గా గీయడం ఇంత కష్టమైతే, గీయకుండా వదిలేయడం నిజాయితీ అవుతుంది కదా. వరేలా రౌండ్ చేసినది అదే. పైగా అతి సన్నని బరువులో ఈ పది శాతం తేడా ఎవరి కంటికి కనిపిస్తుంది?

శిల్పి: సన్నని బరువులో నిజంగా కనిపించదు, గీతే వెంట్రుకంత ఉన్నప్పుడు దాని కొస వృత్తమా దీర్ఘవృత్తమా అన్నది అచ్చులో తేలదు. మందం పెరిగేకొద్దీ, అక్షరం పెద్దదయ్యేకొద్దీ బయటపడుతుంది. గుండ్రని కొసల ఫాంట్లను ఎక్కువగా వాడేది అలా మందంగా, పెద్దగానే. తెర సంగతీ చెప్పుకోవాలి. చుక్కలు పెద్దవిగా ఉన్న పాత తెరల మీద వాలు గీత మెట్లు మెట్లుగా విరిగి, గుండ్రని కొస ఒకటి రెండు చుక్కల మసకగా మిగిలేది. అందువల్ల ఆనాడు గీసినా ఫలితం దక్కేది కాదు. 2010లో వచ్చిన ఐఫోన్ 4 తెర మీద అంగుళానికి 326 చుక్కలు. ఆ సాంద్రత సాధారణమయ్యాక శ్రద్ధగా గీసిన కొస చిన్న తెర మీద కూడా నిలుస్తుంది. ఇక వదిలేయడం గురించి: శిల్పి వదిలేసినా వాడుకరి వదలడు. ఇటాలిక్ లేని ఫాంటుకు ఇటాలిక్ అడిగితే వెబ్ బ్రౌజరు ఊరుకోదు, తానే వంచి చూపిస్తుంది. అలాంటి వాలుకు సీఎస్ఎస్ అనే వెబ్ పేజీల అలంకరణ భాష ఇప్పుడు నిర్ణయించిన అలవాటు కోణం 14 డిగ్రీలు. శిల్పి మౌనం వహిస్తే అక్కడ యంత్రం మాట్లాడుతుంది.

ఈ చివరి మాట విన్న సంపాదకుడు వాదాన్ని తెలుగు వైపు తిప్పాడు. బహుశా ఆయన మనసులో మొదటినుంచీ ఉన్న బాధ అదే.

సంపాదకుడు: యంత్రం మాట్లాడితే ఏమవుతుందో తెలుగు పేజీ మీద రోజూ కనిపిస్తున్నది. తెలుగు అచ్చులో ఇటాలిక్ సంప్రదాయం లేదు. గ్రంథనామాన్ని ఉటంకింపు గుర్తుల్లో పెట్టడం, నొక్కిచెప్పే మాటను లావు అక్షరాల్లో వేయడం మన పద్ధతులు. ఇంగ్లీషు కోసం తయారైన పేజీ నమూనాలో తెలుగు పోసినప్పుడు, ఇంగ్లీషులో ఎక్కడ ఇటాలిక్ ఉందో అక్కడ తెలుగూ వంగిపోతుంది. తలకట్టు స్వతహాగా కుడిపైకి ఎగిసే గీత; దానిని 14 డిగ్రీలు తోస్తే, 45 డిగ్రీలతో ఎగిసినది 39 డిగ్రీలకు పడిపోయి సన్నబడుతుంది. వత్తుల గతి ఇంకా అన్యాయం. అక్షరం ఎత్తును వెయ్యి భాగాలు చేస్తే, రేఖకు 300 భాగాల కింద ఉన్న వత్తు 75 భాగాలు ఎడమకు జరుగుతుంది, రేఖకు 700 భాగాల పైన ఉన్న గుడి 175 భాగాలు కుడికి జరుగుతుంది. ఒకే అక్షరపు గుడికీ వత్తుకీ మధ్య పావు అక్షరమంత దూరం కొత్తగా ఏర్పడి, వత్తు ముందరి అక్షరం కిందికి చొరబడుతుంది. చదివే పిల్లవాడు ఆ వత్తును ఏ అక్షరానికి చేర్చుకోవాలి? తెలుగు అక్షరం పుట్టుకతోనే గుండ్రన. దానికి ఈ వంకర ఎందుకు?

శిల్పి: ఇక్కడ సంపాదకులవారితో విభేదం లేదు. యంత్రం వంచిన తెలుగు అక్షరం ఏ పేజీలోనూ ఉండకూడదు. ముంబైలోని ఏక్ టైప్ బృందం గుండ్రని మందపు అక్షరాలతో గీసిన బాలూ కుటుంబంలో తెలుగు రూపం బాలూ తమ్ముడు. దానికి ఇటాలిక్ లేదు. ఆ గుండ్రని, బలమైన గీతలను బ్రౌజరు వంచినప్పుడు కలిగే వికారం రోమన్ అక్షరాలలో కంటె రెట్టింపుగా కనిపిస్తుంది, ఎందుకంటే మన లిపిలో నేరు గీతలు తక్కువ, వలయాలు ఎక్కువ. అయితే తెలుగుకు రెండో గొంతు అక్కరలేదన్న మాటను మాత్రం ఒప్పుకోవడం కుదరదు. తెలుగు పత్రికలు ఆ గొంతును ఎప్పుడో వెతుక్కున్నాయి. కథ పేరునూ రచయిత పేరునూ అచ్చు అక్షరాలతో కాక చిత్రకారుడి చేతిరాతతో వేయడం మన వారపత్రికల అలవాటు. చిత్రకారుడు బాపు అక్షరాలు ఎంతగా పాఠకుల కంటికి అలవడ్డాయంటే ఆ చేతిరాత ఆధారంగా తరవాత ఫాంట్లే వచ్చాయి. నిటారైన అచ్చు పక్కన మనిషి చేతిని నిలబెట్టడం అన్నది వెనిస్‌లో జరిగిన పనికి తెలుగులో జరిగిన సాటి పని. దానికి కోణం అక్కరలేదు.

సంపాదకుడు: అలాగైతే తెలుగు ఇటాలిక్ అని దేనినీ పిలవనక్కరలేదు.

శిల్పి: పేరు ఏదైనా పెట్టవచ్చు. గుండ్రని కొసల తెలుగు ఫాంటుకు జంటగా ఒక చేతిరాత రూపం గీయాలి. తలకట్టు కలం ఎత్తకుండా కలిసే తీరు, గుడి విడిగా నిలవక హల్లులోంచి సాగే తీరు, వత్తు తన అక్షరం కిందనే ఉండే తీరు, ఇవన్నీ తెలుగు చేతినుంచి నేర్చుకొని గీయాలి. అది నాలుగైదు డిగ్రీలు వాలుతుందో, అసలు వాలదో, గీశాక తేలుతుంది.

సంపాదకుడు ఈ ప్రతిపాదనను కాదనలేదు. రోమన్ లిపి విషయంలో మాత్రం, తక్కువ మాటలు, పెద్ద అక్షరాలు ఉన్నచోట గుండ్రని కొసల ఫాంటుకు ఇటాలిక్ అక్కరలేదన్న అభిప్రాయాన్ని ఆయన విడిచిపెట్టలేదు. సందర్భాన్ని బట్టి చూస్తే అది న్యాయమైన అభిప్రాయమే. మీట మీదా దుకాణం బోర్డు మీదా అక్కరలేనిది మ్యూజియం వ్యాఖ్యలోనూ వృక్షశాస్త్ర ఫలకంలోనూ అవసరమవుతుంది. అవసరమైన చోట దానిని నునిటోలోలాగా కుటుంబంలో భాగంగా అందించడమే శిల్పి ధర్మం. కొసలు వృత్తాలుగా నిలవని వాలురూపాన్ని ఇటాలిక్ అని అమ్మడం వాడుకరిని మోసగించడమే.

రెండు భాషల పేజీలు కూర్చేవారికి ఇందులోంచి వెంటనే చేయదగిన పని ఒకటుంది. యంత్రం తానే అక్షరాన్ని వంచకుండా ఆపే ఏర్పాటు సీఎస్ఎస్‌లో ఫాంట్ సింథసిస్ అనే పేరుతో ఉంది. తెలుగు భాగానికి దానిని అమలుచేసి, ఇంగ్లీషు ఇటాలిక్‌కు సాటిగా తెలుగులో బోల్డ్‌నో ఉటంకింపు గుర్తులనో వాడాలి. పుస్తకాలు కూర్చే డీటీపీ కేంద్రాలవారు తెలుగు మాటను ఎంపిక చేసి వాలు గుర్తు నొక్కే అలవాటును ఈ రోజే మానుకోవాలి.